ఆటిజం ఉన్న పిల్లాడికి, ఏడీహెచ్‌డీ ఉన్న తల్లికి ప్రయాణపు బ్యాగులు కుట్టించాలంటే

మీరడిగింది ముందు రెండు ముక్కల్లో రాస్తాను, తర్వాత చదివేవాళ్లకు పనికొస్తుంది. బాబుకి 11 ఏళ్లు, ఆటిజం. చప్పుళ్లు పడవు, బెల్టు చివర్లు నములుతాడు, కొత్త వస్తువు ఇస్తే పక్కన పడేస్తాడు. మీకు ఏడీహెచ్‌డీ. అంటే ధ్యాస ఒకచోట నిలవదు, ఏది ఎక్కడ పెట్టారో గుర్తుండదు. బండెక్కిన దగ్గర్నుంచీ టికెట్టు, తాళాలు, చార్జరు వెతుక్కోవడమే సరిపోతోంది. విశాఖ నుంచి హైదరాబాదుకు ఎక్కువగా గోదావరి ఎక్స్‌ప్రెస్, అప్పుడప్పుడు విమానం. షాపుల్లో కొన్న బ్యాగులేవీ కుదరలేదు, తెలిసిన బ్యాగు టైలరు చేత కుట్టిద్దామనుకుంటున్నారు. ఆయనకు ఏం చెప్పాలన్నది ప్రశ్న.

కుట్టించడమే మంచిది. కానీ ఆయన దగ్గరకెళ్లి "అరలు ఎక్కువ పెట్టండి" అని మాత్రం అనకండి. చాలామంది చేసే పని అదే, చెడేదీ అక్కడే. 12 జేబుల బ్యాగులో ఒక తాళం చెవి కోసం 12 చోట్ల వెతకాలి. ఏ జేబులో పెట్టానన్నది గుర్తుంచుకునే పని ఎవరికి కష్టమో వాళ్లకే ఆ పని పన్నెండింతలు చేసి ఇచ్చినట్టు. బాబు బ్యాగుకి 5 అరలు, ఒక సీసా జేబు. మీ బ్యాగుకి 4. అంతకు మించొద్దు.

బ్యాగుని దాంట్లో ఎన్ని పడతాయన్న లెక్కతో కొలవకండి. ఇంటి గుమ్మం దాటాక దాన్ని ఎన్నిసార్లు, ఎక్కడ, ఏ చేత్తో తెరుస్తారో ఒక కాగితం మీద రాయండి. రాత్రి రైలుకైతే దాదాపు ఇలా ఉంటుంది: ప్లాట్‌ఫాం మీద హారన్ వినగానే చప్పుడు తగ్గించే చెవి కప్పులు, సీట్లో కూర్చోగానే నీళ్లు, బండి కదిలాక ట్యాబ్, టీటీఈ వస్తే గుర్తింపు కార్డు, ఎనిమిదింటికి తిండి, పడుకునే ముందు బ్రష్షు, వాడి దుప్పటి ముక్క. ఏడుసార్లు తెరవాలి. మొదటిది నిలబడి, ఒంటి చేత్తో, గొడవలో జరుగుతుంది. చివరిది నీలం లైటు చీకట్లో, పక్కవాళ్లు నిద్రపోయాక. బ్యాగు డిజైనంతా ఈ రెండు క్షణాల కోసమే. మధ్యలోవి ఎలాగో గడిచిపోతాయి.

ముందు బాబు బ్యాగు.

ఎత్తు 40 సెం.మీ., వెడల్పు 28, మందం 14. సుమారు 16 లీటర్లు. బెర్తు మీద తల పక్కన పెట్టుకోవచ్చు, విమానంలో ముందు సీటు కింద పడుతుంది. ఇంతకన్నా పెద్దది కుట్టిస్తే నింపుతారు, నింపితే బరువు. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం బ్యాగు బరువు పిల్లల ఒంటి బరువులో 10 శాతం దాటకూడదంటుంది. ప్రయాణానికీ అదే లెక్క పెట్టుకోండి. బాబు 35 కిలోలుంటే మొత్తం 3.5 కిలోలు. ఖాళీ బ్యాగే 700 గ్రాములు తింటుంది, కాబట్టి సామాను 2.8 కిలోలు. నీళ్ల సీసా కూడా ఇందులోదే.

బయటి గుడ్డకి టైలరు మ్యాటీ చూపిస్తాడు. 600 డీనియర్ (దారం మందం లెక్క) పాలిస్టరు, స్కూలు బ్యాగులన్నీ దాంతోనే. గట్టిది, తేలిక, చవక. కానీ వెనక పూత ఉంటుంది, కొత్తలో వాసన కొడుతుంది, చెయ్యి రాసుకుంటే సర్రుమంటుంది. రెక్జిన్ అయితే అసలే వద్దు, దాని వాసన నెలలు ఉంటుంది, ఎండాకాలం వీపుకి అంటుకుంటుంది. ఉతికిన కాటన్ కాన్వాస్, చదరపు మీటరుకి 340 నుంచి 400 గ్రాములది, అడగండి. చప్పుడు చెయ్యదు, చేతికి మెత్తగా ఉంటుంది. తడిస్తే ఆరదు, అదొక్కటే లోటు. దానికి కింది భాగంలో 12 సెం.మీ. ఎత్తువరకు లోపలివైపు పలచటి వాటర్‌ప్రూఫ్ గుడ్డ రెండో పొరగా వేయిస్తే తడి ప్లాట్‌ఫాం మీద పెట్టినా లోపలికి దిగదు.

58 అంగుళాల పన్నాలో 1 మీటరు చాలు, లైనింగ్ ఇంకో మీటరు. కానీ రెండింటినీ రెట్టింపు కొనండి. ఎందుకో చివర్లో చెప్తాను. కాటన్ ఏదైనా కత్తిరించే ముందు ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేయాలి. ఇది మానేస్తే మొదటి ఉతుకులో గుడ్డ కుంచించుకుపోతుంది, జిప్పు పట్టీ కుంచించుకోదు, జిప్పు పొడవునా అలలు లేస్తాయి, రన్నర్ (జిప్పు మీద అటూ ఇటూ జరిగే ముక్క) అక్కడే ఆగిపోతుంది. తర్వాత విప్పి కుట్టడం తప్ప దారి లేదు.

లైనింగ్ రంగు మీద పిసినారితనం వద్దు, ఖర్చు ఎలాగూ ఒకటే. షాపు బ్యాగుల్లో లోపల నలుపు వేస్తారు, మురికి కనపడదని. నల్లటి గుడ్డలో నల్లటి చార్జరు, నల్లటి ఇయర్‌ఫోను. రాత్రి పూట దొరికితే ఒట్టు. లేత పసుపు గానీ లేత బూడిద రంగు గానీ వేయించండి. తెల్లటి తెలుపు పగలు కళ్లలో కొడుతుంది. పువ్వులు, చుక్కలు, కార్టూన్ బొమ్మలు లోపల అసలు వద్దు. బొమ్మల మధ్యలో వస్తువు కలిసిపోతుంది. వాడికి ఇష్టమైన బొమ్మ ఉంటే బయట, ముందువైపు, ఒక్కటి.

ఇక జిప్పు. బ్యాగులో అన్నిటికన్నా ముందు పాడయ్యేదీ, పిల్లాడికి కోపం తెప్పించేదీ ఇదే.

పెద్ద అరకి 8 నంబరు నైలాన్ కాయిల్ జిప్పు, 90 సెం.మీ. చిన్న జేబులకి 5 నంబరు, మొత్తం 60 సెం.మీ. మెటల్ జిప్పు గరగరమంటుంది, ఏసీ బోగీలో చల్లగా తగులుతుంది, పళ్ల అంచులు వేళ్లకి గీసుకుంటాయి. వైకేకే కంపెనీ జిప్పు దొరికితే మంచిది. లూజు జిప్పు కొంటే రన్నర్ కూడా అదే కంపెనీది, అదే నంబరుది తీసుకోవాలి. నంబరు ఒకటే అయినా కంపెనీ మారితే కొద్ది తేడాతో జారుతుంది, నెలకి వెనక నుంచి విచ్చుకుంటుంది.

రన్నర్ ఒక్కటే ఉండాలి. టైలర్లు అలవాటుగా రెండు వేస్తారు, మధ్యలో కలిసేట్టు. రెండు రన్నర్లుంటే నోరు ప్రతిసారీ కొత్తచోట ఉంటుంది. ఒకసారి పైన, ఒకసారి పక్కన. ఒక్కటే ఉంటే మూసినప్పుడల్లా ఒకే చోట ఆగుతుంది, వాడి చెయ్యి చూడకుండా అక్కడికే పోతుంది. బాబు ఏ చెయ్యి వాడతాడో ఆ పక్క ఆగేట్టు పెట్టించండి.

జిప్పు మూడు వైపులా, తలకిందులు చేసిన యూ ఆకారంలో, కింద 10 సెం.మీ. వదిలేసి. పై 28, పక్కలు రెండూ 30 చొప్పున. అందుకే 90. పూర్తిగా విచ్చుకుంటే ఒళ్లో తెరిచినప్పుడు సామాను బెర్తు కిందకి జారిపోతుంది. పైన మాత్రమే తెరిస్తే అడుగున ఉన్నది కనపడదు, అన్నీ బయటికి లాగుతాడు. కింద 10 సెం.మీ. గిన్నెలా ఉంటే రెండు ఇబ్బందులూ ఉండవు.

మూలల దగ్గర గుండ్రం చిన్నదైతే రన్నర్ ఇరుక్కుంటుంది. మూల వంపు వ్యాసార్ధం కనీసం 6 సెం.మీ. ఉండాలని చెప్పండి. పేపరు కటింగ్ మీద ఒక చిన్న గిన్నె పెట్టి గీస్తే సరిపోతుంది. లైనింగ్ కూడా జిప్పు పళ్లకి 6 నుంచి 8 మి.మీ. దూరంగా ఉండి, పైనుంచి ఒక కుట్టు పడాలి. ఆ కుట్టు వేయకపోతే లైనింగ్ అంచు లేచి రన్నర్‌లో పడుతుంది. జిప్పు చెడిపోయిందని తెచ్చే బ్యాగుల్లో చాలావాటికి జిప్పు బాగానే ఉంటుంది, ఈ కుట్టే ఉండదు.

ఇంకో చిన్న ముక్క, దీన్ని ఎవరూ అడగరు. జిప్పు మొదలయ్యే చోట 3 సెం.మీ. గుడ్డ నాలుక కుట్టించండి. జిప్పు లాగడానికి రెండు చేతులు కావాలి, ఒకటి లాగడానికి, ఒకటి ఎదురు పట్టుకోవడానికి. చేతి వేళ్ల పట్టు, రెండు చేతుల పొందిక తక్కువున్న పిల్లలు ఈ ఎదురు పట్టు దొరక్క బ్యాగునే తమవైపు లాక్కుంటారు, అది పడిపోతుంది. ఆ నాలుక పట్టుకుంటే అయిపోయింది. రన్నర్‌కున్న లోహపు పుల్లరు కట్టింగ్ ప్లేయరుతో తీసేసి, 4 మి.మీ. తాడుతో వేలు దూరేంత ఉంగరం వేయండి. టకటక చప్పుడూ పోతుంది, రంగు గీకే అలవాటున్న పిల్లలకు గీకడానికి ఏమీ మిగలదు. ముందు జేబుకి వేరే రంగు తాడు, దానికి ఒక ముడి. రంగుతో పాటు ముడి ఎందుకంటే చీకట్లో రంగు పనిచెయ్యదు.

వెల్క్రో గురించి తప్పకుండా అడుగుతారు. నిశ్శబ్దంగా ఉన్న బోగీలో వెల్క్రో చింపిన శబ్దం పెద్దవాళ్లకే ఉలికిపాటు. చప్పుడు పడని పిల్లాడికి పెట్టొద్దు. అయితే ఆ శబ్దమే కావాలని పదేపదే తెరిచి మూసే పిల్లలూ ఉంటారు, వాళ్లకి అది ఊరట. బాబు ఏ రకమో మీకే తెలియాలి. వెల్క్రో బదులు మ్యాగ్నెట్ బటన్ సూచిస్తే, అది గుడ్డ రెండు పొరల మధ్య నాలుగువైపులా కుట్టేసి ఉండాలి. పైకి కనపడేట్టు బిగించింది ఊడొచ్చు, నమిలే పిల్లాడున్న ఇంట్లో ఊడిన అయస్కాంతం ప్రాణాంతకం. ఒకటికి రెండు మింగితే పేగు గోడల మధ్య అతుక్కుంటాయి. మీ బాబుకైతే నేను అయస్కాంతం పెట్టనివ్వను. సాగే ఎలాస్టిక్ నోరు చాలు.

చెవి కప్పుల జేబుకి ఆ ఎలాస్టిక్ నోరే ఉండాలి. బ్యాగు నెత్తి మీద, వీపువైపు కాకుండా బయటివైపు. మడిచిన కప్పుల్ని స్కేలుతో కొలిచి, ప్రతి వైపూ 2 సెం.మీ. కలిపి కుట్టించండి. జేబుకి పక్క పట్టీ 8 నుంచి 9 సెం.మీ. మందం ఇవ్వాలి. చదునైన జేబులో కుక్కితే పెద్ద అర నిండినప్పుడు లోపలినుంచి నొక్కి కప్పులు బయటికి రావు. వెనక నడిచే మీరు కూడా ఒంటి చేత్తో తీసి ఇవ్వగలగాలి. హారన్ మొదలయ్యాక జిప్పు తెరిచేంత వ్యవధి ఉండదు.

నీళ్ల సీసా జేబు పక్కన, నెట్ లేకుండా. నెట్ గుడ్డలో వేలు దూర్చి చిల్లు పెద్దది చేస్తారు, గోరు ఇరుక్కుంటుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి దాహం, ఆకలి, బాత్రూం అవసరం వేళకి తెలియవు. సీసా కంటికి కనపడుతూ ఉంటే అదే గుర్తు చేస్తుంది. కాన్వాస్ జేబే కుట్టి, మధ్యలో 4 సెం.మీ. వెడల్పు కిటికీ పెట్టించండి. కిటికీకి పీవీసీ వేస్తారు, వద్దనండి. అది వాసన వేస్తుంది, పసుపెక్కుతుంది, చలికి బిర్రబిగుస్తుంది. టీపీయూ (రబ్బరులా సాగే ప్లాస్టిక్) షీటు 0.3 మి.మీ.ది కొంచెం ఖరీదు, కానీ మెత్తగా ఉండిపోతుంది. షీటు మీద కుట్టు పొడవు 4 మి.మీ. పెట్టాలి. మామూలు గుడ్డకి వేసినట్టు దగ్గర కుట్టు వేస్తే చిల్లుల వరుస పడి, తపాలా బిళ్ల చింపినట్టు అక్కడే చిరుగుతుంది. షీటు మెషిన్ పాదానికి అతుక్కుంటుంటే మధ్యలో పల్చటి కాగితం పెట్టి కుట్టి, తర్వాత కాగితం చింపేస్తే సరి.

మిగతా కుట్టంతా 40 నంబరు పాలిస్టరు దారం, 18 నంబరు సూది, కుట్టు పొడవు 3 మి.మీ. లోపలి అంచులన్నిటికీ 22 నుంచి 25 మి.మీ. కాటన్ పట్టీ. నైలాన్ పట్టీ అంచు కోసుకుంటుంది, చెయ్యి లోపల పెట్టిన ప్రతిసారీ తగులుతుంది. కొందరు పిల్లలు బ్యాగులో చెయ్యి పెట్టనే పెట్టకపోవడానికి ఇది కారణం, మనం మొండితనం అనుకుంటాం. కంపెనీ లేబుల్ లాంటివేవీ కుట్టొద్దనండి. వీపు భాగంలో 5 మి.మీ. ఈవీఏ (కాస్త గట్టి ఫోమ్) షీటు, దాని మీద 10 మి.మీ. మెత్తటి ఫోమ్. వాటిని జిగురుతో అతికించడం వాళ్ల అలవాటు, రబ్బరు జిగురు వాసన వారాల తరబడి పోదు. చుట్టూ కుట్టి, మధ్యలో రెండు అడ్డకుట్లు వేయమనండి. జిగురు అక్కర్లేదు.

భుజం బెల్టులకి 25 మి.మీ. నవారు, 2.5 మీటర్లు. కోసిన చివరని లైటరుతో కాలుస్తారు, పోగులు ఊడకుండా. కాలిన చివర గాజుముక్కలా గుచ్చుకుంటుంది. రెండు మడతలు వేసి కుట్టించాలి. మీ బాబు నమిలేది సరిగ్గా ఈ చివర్లనే అన్నారు. వేలాడే బెల్టు కనపడితే నోట్లోకి వెళ్తుంది, కాబట్టి ఎలాస్టిక్ ఉంగరంలో దోపేయండి. భుజం పట్టీల పైభాగానికి ఉతికిన కాటన్ తొడుగులు, రెండు జతలు, టిచ్ బటన్లు లేకుండా తొడిగి తీసేవి. నమలడానికి మరో దారి లేకుండా ఆపేస్తే వేళ్లు నములుతాడు. ఆహారానికి వాడే సిలికాన్‌తో చేసిన నమిలే వస్తువు ఒకటి, బెల్టుకి 15 సెం.మీ. మించని పట్టీతో కట్టండి. పొడవు తాడు మెడకు చుట్టుకునే ప్రమాదం. ఛాతీ బెల్టు పెడితే బకిల్ కొనేటప్పుడు ఊది చూడండి, కొన్నిటికి విజిల్ ఉంటుంది. అనకాపల్లి దాటేలోపు బోగీ అంతా మీవైపు తిరుగుతుంది.

బరువు, నొక్కుడు వల్ల కొందరికి ఊరట ఉంటుంది. అందుకని బ్యాగులో బరువులు వేసి వీపున వేలాడదీయడం మంచిది కాదు, భుజాలు లాగేస్తాయి. ఒళ్లో పెట్టుకునే 25 x 35 సెం.మీ. సంచి ఒకటి విడిగా కుట్టించి, రైలు ఎక్కాక అందులో లీటరు నీళ్ల సీసా, మడిచిన దుప్పటి పెట్టండి. కిలో పైచిలుకు బరువు వచ్చేసింది, మోసుకెళ్లింది ఏమీ లేదు. బియ్యం, పెసలు నింపిన సంచులు కొందరు చేస్తారు, మన తేమకి రెండు నెలల్లో పురుగు పడుతుంది. ఇనుప గుండ్లు నింపినవి ఎయిర్‌పోర్టు ఎక్స్‌రేలో నల్లటి ముద్దలా కనపడి, బ్యాగు పక్కకి తీయిస్తాయి. ఎంత బరువు, ఎంతసేపు అన్నది ఆక్యుపేషనల్ థెరపిస్టునే (రోజువారీ పనులు సొంతంగా చేసుకునేలా తర్ఫీదిచ్చే నిపుణులు) అడగాలి. మీరు హైదరాబాదు వస్తూ పోతూ ఉంటారు కాబట్టి సికింద్రాబాదు బోయిన్‌పల్లి దగ్గరి ఎన్ఐఈపీఐడీలో (మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం ఉన్న జాతీయ సంస్థ) కూడా చూపించుకోవచ్చు.

విమానాశ్రయంలో అసలు చిక్కు ఎక్స్‌రే బెల్టు. ఇంతసేపూ భుజాన ఉన్న బ్యాగు, దాంట్లో దుప్పటి ముక్క, చెవి కప్పులు, అన్నీ ఒక్కసారిగా చేతిలోంచి పోయి ఒక చీకటి పెట్టెలోకి వెళ్తాయి. అందుకే బ్యాగు గుడ్డతోనే, లోహం ఏమీ లేకుండా, మణికట్టుకి వేసుకునే 4 సెం.మీ. పట్టీ ఒకటి కుట్టించండి. అది మనిషితోనే మెటల్ డిటెక్టర్ తలుపులోంచి వస్తుంది. ట్యాబ్, పవర్ బ్యాంకు, వైర్లు అన్నీ ఒకే పౌచ్‌లో ఉండి, ఒక్క లాగుడుకి ట్రేలోకి రావాలి. ఆ పౌచ్‌కి పక్కన బయటికి కనపడే పట్టీ పెట్టించండి. పవర్ బ్యాంకు చెక్-ఇన్ లగేజీలో వేయకూడదు. దాని మీద సామర్థ్యం ముద్రించి ఉండాలి. 20,000 ఎంఏహెచ్ అంటే సుమారు 74 వాట్ అవర్లు, విమానంలో మామూలుగా ఒప్పుకునే 100 లోపే కాబట్టి ఇబ్బంది లేదు. అక్షరాలు చెరిగిపోయినది పట్టుకెళ్తే ఆపేస్తారు. సీసా ఖాళీగా తీసుకెళ్లి లోపల నింపుకోండి.

పొద్దుతిరుగుడు పువ్వు గుర్తున్న ఆకుపచ్చ ల్యాన్యార్డు (మెడలో వేసుకునే పట్టీ) 2016లో లండన్ గాట్విక్ విమానాశ్రయంలో మొదలై, చాలాచోట్లకి వచ్చింది. బయటికి కనపడని వైకల్యం ఉందని సిబ్బందికి చెప్పే గుర్తు అది. ప్రత్యేక హక్కులేవీ దానంతటదే ఇవ్వదు. మెడకి వేస్తే చాలామంది పిల్లలు పీకేస్తారు కాబట్టి భుజం బెల్టు మీద, ఛాతీ ఎత్తులో, ఒక చిన్న డి-రింగ్ కుట్టించి దానికి తగిలించండి. యూడీఐడీ కార్డు (వైకల్యం ఉన్నవాళ్లకి ప్రభుత్వమిచ్చే గుర్తింపు కార్డు) వీపువైపు దాపుడు జేబులో, మీరు తీసేట్టు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల్లో ఆటిజం ఉంది, కాబట్టి కార్డు లేకపోతే ముందు అది తీసుకోండి. బాబు పేరు మాత్రం బయట ఎక్కడా రాయించొద్దు. పేరు పెట్టి పిలిచిన ఎవరితోనైనా వెళ్లిపోయే పిల్లలుంటారు. లోపలి మూతకి మీ ఫోను నంబర్లు రెండు, అంతే.

ఎయిర్‌ట్యాగ్ (వస్తువు ఎక్కడుందో ఫోనులో చూపించే యాపిల్ బిళ్ల) పెట్టాలనుకుంటే లైనింగ్ వెనక, బయటికి కనపడని 5 సెం.మీ. జేబులో, నోరు కుట్టేసి. అందులోది సీఆర్ 2032 బటన్ బ్యాటరీ. గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది. పైగా అది జీపీఎస్ కాదు, చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా ఐఫోను ఉంటేనే జాడ చెప్తుంది. పల్లెటూరి స్టేషన్లో దాన్ని నమ్ముకుని ఉండకండి. నా దృష్టిలో అది బ్యాగు దొరకడానికి, పిల్లాడు దొరకడానికి కాదు.

మీ బ్యాగు సంగతి ఇంత పెద్దది కాదు.

మీకు కావాల్సింది "ఏముంది" అని చెప్పే జేబు కాదు, "ఏది లేదు" అని చెప్పేది. ఫోను, పర్సు, తాళాలు, కార్డు-టికెట్టు: నాలుగు జేబులూ పక్కపక్కనే, ఒక్కొక్కటి ఆ వస్తువు కొలతకే, మూత లేకుండా, ఒకే పలక మీద. పెద్ద జిప్పు తెరవగానే నాలుగూ ఒకేసారి కనపడాలి. వస్తువు ఉన్నప్పుడు పొంగి ఉంటుంది, లేనప్పుడు చదునుగా ఉంటుంది. జేబు అడుగున ముదురు ఎరుపు గుడ్డ వేయిస్తే ఖాళీ అయినప్పుడు ఎరుపు కనపడుతుంది. సామాను లెక్కపెట్టుకోవడం కన్నా ఎరుపు ఉందా లేదా చూడటం తేలిక. తాళాలకి 40 సెం.మీ. నవారు, చివర తిరిగే హుక్కు. తలుపు తీసేటప్పుడు బ్యాగులోంచి విప్పకుండానే అందుతుంది. విప్పాల్సి వస్తే మళ్లీ తగిలించరు.

చార్జరు మర్చిపోయేది బోగీలో ప్లగ్గు దగ్గర. దాని పౌచ్‌కి ఒక హుక్కు పెట్టించండి. చార్జరు గోడకి పెట్టినప్పుడల్లా ఖాళీ పౌచ్‌ని బ్యాగు పిడికి బయట తగిలించాలి. దిగేటప్పుడు పిడి పట్టుకోగానే ఖాళీ పౌచ్ చేతికి తగులుతుంది. ఇంకా మంచిది, చార్జరు, బ్రష్షు, మందులు, దువ్వెన రెండో సెట్టు కొని బ్యాగులోనే ఉంచేయడం. ఇంటికొచ్చాక ఈ బ్యాగు ఖాళీ చేయకూడదు. ప్రతి ప్రయాణానికీ కొత్తగా సర్దడంలోనే సగం వస్తువులు ఇంట్లో మిగిలిపోతాయి.

పెట్టె విషయం రెండు మాటలు. నాలుగు చక్రాల ట్రాలీ ఊగే బోగీలో తనంతట తాను నడుస్తుంది, గట్టి ప్లాస్టిక్ చక్రాలైతే ప్లాట్‌ఫాం టైల్స్ మీద వాటి రొద బాబుకి ఎంత హింసో చెప్పక్కర్లేదు. రెండు చక్రాలది, చక్రాలు పెద్దవి, రబ్బరు లేదా పాలీయురేథేన్‌వి చూడండి. బట్టలు చొక్కాలన్నీ ఒకచోట, ప్యాంట్లన్నీ ఒకచోట అని కాకుండా రోజుకొక పౌచ్‌గా సర్దండి. లోపలి బట్టలతో సహా ఆ రోజుకి కావాల్సినవన్నీ అందులోనే. పొద్దున్నే తీసుకోవాల్సిన నిర్ణయం ఒక్కటే ఉంటుంది.

టైలరుకి నేరుగా కాన్వాస్ ఇచ్చేయకండి. ముందు పాత దుప్పటి గుడ్డతో, జిప్పు మాత్రం అసలైనది పెట్టి ఒక నమూనా కుట్టించండి. బాబుకి మూడు పరీక్షలు. ఒకటి, నిలబడి, ఒక చేత్తో మీ చెయ్యి పట్టుకుని రెండో చేత్తో చెవి కప్పులు తీయాలి. రెండు, మంచం మీద కూర్చుని ఒళ్లో బ్యాగు తెరిచి ట్యాబ్ తీసి మళ్లీ పెట్టాలి, ఏదీ కింద పడకూడదు. మూడు, లైటు ఆపేసి దుప్పటి ముక్క తీయాలి. ఎక్కడ ఆగాడో అక్కడ సలహా ఇవ్వకండి, చెయ్యి ముందు ఎటు వెళ్లిందో చూడండి. జేబు అక్కడికే మార్చాలి. వాడిని జేబుకి అలవాటు చేయడం కన్నా ఇది చవక. గుడ్డ కూడా వాడినే ఎంచుకోనివ్వండి, కానీ షాపుకి తీసుకెళ్లొద్దు. మూడు ముక్కలు, అరచెయ్యంతవి, ఇంటికి తెచ్చి రెండు రోజులు వదిలేయండి. ఏది దిండు కిందకి చేరితే అదే.

కుట్టడం అయ్యాక ఒకసారి ఉతికి, నీడలో గాలి తగిలేచోట వారం పైన ఉంచండి. వాసన పోవడానికి సెంటు కొట్టడం, కలరా ఉండలు వేయడం లాంటివి చేస్తే మొదటికే మోసం. ప్రయాణానికి మూడు నాలుగు వారాల ముందే ఇంట్లో తిరగాలి బ్యాగు. మొదటి వారం ఖాళీగా వాడి బొమ్మల పక్కన, తర్వాత వాడికిష్టమైన చిరుతిండి ముందు జేబులో, తర్వాత మేడ మీదకో, పక్క వీధికో వేసుకుని వెళ్లడం. స్టేషన్‌కి బయల్దేరే రోజు కొత్త బ్యాగు చేతికిస్తే పైన రాసిందంతా వృథా.

రెట్టింపు గుడ్డ ఎందుకంటే, ఒకసారి అలవాటయ్యాక ఇది చిరిగినా, పోయినా వాడు మరోటి ఒప్పుకోడు. అదే రంగు మళ్లీ కొంటే అద్దకం తేడా వస్తుంది, మనకి కనపడని తేడా వాడికి కనపడుతుంది. అదే గుడ్డతో, అదే పేపరు కటింగ్‌తో రెండోది ఇప్పుడే కుట్టించి, నెలకోసారి రెండూ మార్చి వాడండి, రెండూ సమానంగా మెత్తబడతాయి. పేపరు కటింగ్ టైలరు దగ్గర వదిలేయకుండా మీ దగ్గర పెట్టుకోండి. 8 నంబరు రన్నర్లు నాలుగు అదనంగా కొని దాంతోపాటే కవర్లో వేసి ఉంచండి. జిప్పు విచ్చుకోవడం మొదలుపెడితే చాలాసార్లు రన్నర్ మారిస్తే చాలు, మొత్తం జిప్పు మార్చమని ఎవరైనా అంటే ముందు రన్నర్ మార్చి చూడమనండి.